చేయి ఎప్పుడు తీయాలి?

(మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో ఒక ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన అమ్మలు, నాన్నలు చాలామంది ఉన్నారు. పిల్లలు లేచి తిరిగినా, అరిచినా, వేదిక మీదికి వచ్చి నా మైకు పట్టుకున్నా ఎవరూ కంగారు పడవద్దు. ఇది వాళ్ల కోసం పెట్టుకున్న సభ. వాళ్లు ఇక్కడ బిగుసుకుని కూర్చోనక్కరలేదు.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక విద్య, తోడ్పాటు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. విషయం చాలా పెద్దది. అందులోంచి ఒక్క ప్రశ్న మాత్రమే తీసుకుంటాను. పిల్లల చేతి మీద మనం పెట్టిన చేయి ఎప్పుడు తీయాలి? ఈ పిల్లలకు చేయి అందించడం కన్నవాళ్లకు ఒకరు నేర్పవలసిన పని కాదు. తీయడం దగ్గరే అందరమూ తడబడతాం. ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్న నేనూ తడబడ్డాను. ఆ సంగతే ముందు చెబుతాను.

తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు మా తరగతిలో చేరాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ, అంటే జన్యుపరమైన ఒక తేడాతో పుట్టినవాడు. ఈత నేర్పే రోజు పిల్లలంతా బట్టలు మార్చుకోవాలి. చొక్కా చేతికిస్తే వీడు తీసుకోలేదు. రెండు చేతులూ పక్కలకు చాచి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. గడ్డం ఎందుకు ఎత్తాడో నాకు వెంటనే అర్థం కాలేదు. మెడ దగ్గరి గుండీ పెట్టేవాళ్లకు అడ్డం రాకుండా ఎత్తాడు. చొక్కా వేసుకోవడం వాడికి రాదు గాని, వేయించుకోవడం పూర్తిగా వచ్చు. తొమ్మిదేళ్ల పాటు ప్రతి ఉదయం ప్రేమగా నేర్పిన పాఠం అది. ఆ తల్లిని నేను తప్పుపట్టడం లేదు. పొద్దున్నే ఇల్లు నడపాలి, వేళకు బడికి పంపాలి, ఇంకో బిడ్డను చూసుకోవాలి. తానే గుండీలు పెట్టేస్తే అర నిమిషంలో అయిపోతుంది. బిడ్డ పెట్టుకునే దాకా ఆగితే ఎంతసేపో తెలియదు.

గుండీ పెట్టడం మనకు ఒకే పనిలా కనిపిస్తుంది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి నా చేతులనే చూసుకుంటూ రాసుకున్నాను. కాజా ఉన్న అంచును ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య గుండీని పట్టుకోవాలి. గుండీని అడ్డంగా వాల్చి దాని అంచును కాజాలోకి దూర్చాలి. సగం దూరాక ఆగాలి. ఇప్పుడు చేతులు మారాలి. కాజా పట్టుకున్న చేయి, అవతలికి వచ్చిన సగం గుండీని అందుకోవాలి. గుండీ పట్టుకున్న చేయి దాన్ని వదిలి బట్ట అంచును అందుకోవాలి. తరువాత రెండూ చెరోవైపు లాగాలి. చేతులు మారే ఆ క్షణమే అసలు కష్టం. ఒకటి వదలాలి, అదే సమయంలో ఇంకొకటి పట్టుకోవాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు కండరాల బిగువు తక్కువ, వేళ్లు పొట్టివి. మనం ఆలోచించకుండా చేసే ఈ మార్పు వాళ్లకు కొండ ఎక్కినంత పని.

అందుకని చివరి నుంచి మొదలుపెట్టాం. మొదటి అయిదు మెట్లూ నేను చేసి, చివరి లాగుడు వాడికి వదిలాను. లాగాడు. గుండీ పూర్తిగా బయటికి వచ్చింది. నా చేతిని చూశాడు, తరువాత తన చేతిని చూసుకున్నాడు. చివరి నుంచి నేర్పడంలో ఉన్న మేలు ఇదే. మొదటి రోజే పని పూర్తి చేసింది బిడ్డ అవుతాడు. ముందు నుంచి నేర్పితే మొదటి మెట్టు చేసి వదిలేస్తాడు, పూర్తయిన సంతోషం మనకు మిగులుతుంది. చివరి మెట్టు నిలదొక్కుకున్నాక దాని ముందరి మెట్టు, అది వచ్చాక ఇంకో మెట్టు వెనక్కి. ఏడు వారాలు పట్టింది.

ఏడు వారాలకు గుండీలన్నీ వాడే పెట్టుకుంటున్నాడు. అందరికీ చూపించుకున్నాను. ఒకరోజు నేను సెలవులో ఉన్నాను. మర్నాడు వచ్చి అడిగితే, పెట్టుకోలేదు టీచర్, అట్లాగే నిలబడ్డాడు అని సహోద్యోగి చెప్పింది. నాకు నమ్మకం కలగలేదు. నా ముందు చక్కగా పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె అంది, మీరు వాడి మోచేతి మీద వేలు పెడుతున్నారు చూసుకోండి అని. నిజమే. పని మొదలుపెట్టే ముందు మోచేతిని నా వేలితో కొద్దిగా తాకుతున్నాను. నా లెక్కలో అది ధైర్యం చెప్పడం. వాడి లెక్కలో అదే మొదటి మెట్టు. వేలు పడితేనే పని మొదలవుతుంది. ఆ వేలు తీయడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. మోచేతి నుంచి చొక్కా బట్ట మీదికి, బట్ట మీద నుంచి తాకీ తాకనంత దూరానికి, అక్కడి నుంచి వాడి వెనక్కి, చివరికి తలుపు దగ్గరికి జరిగాను.

నేను మాట్లాడేదంతా ఆ వేలి గురించే.

ముందు వైకల్యం అనే మాట గురించి కొంచెం. నన్ను కలిసే తల్లిదండ్రులు మొట్టమొదట ఐక్యూ, అంటే తెలివిని కొలిచే పరీక్షలో వచ్చిన అంకె చెబుతారు. చీటీ మడిచి పర్సులో దాచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ అంకె ఒక్కటే మేధో వైకల్యాన్ని నిర్ణయించదు. ఆలోచించడం, కారణం తెలుసుకోవడం, కొత్తది నేర్చుకోవడం వయసుకు తగ్గ స్థాయి కన్నా బాగా వెనకబడి ఉండాలి. దాంతోపాటు రోజువారీ జీవితంలోనూ, అంటే మాట, లెక్క, వేళ, డబ్బు, నలుగురితో మెలగడం, తన పని తాను చేసుకోవడం వంటి వాటిలోనూ ఆ వెనకబాటు కనిపించాలి. రెండూ ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. పరీక్షలో 70, 75 లోపు వచ్చినంత మాత్రాన సరిపోదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు, తీవ్రతను ఐక్యూతో కొలవడం మానేసి, రోజువారీ జీవనంలో ఎంత తోడ్పాటు కావాలో దాన్ని బట్టి కొలవమంది. బిడ్డలో ఎంత లోటుంది అని అడిగే చోట, బిడ్డకు మనం ఎంత అందించాలి అని అడగడం మొదలైంది. ఈ పిల్లల్లో నూటికి 85 మంది దాకా స్వల్ప స్థాయిలో ఉన్నవాళ్లే. చదవడం, రాయడం, ఉద్యోగం చేయడం, సొంతంగా బతకడం వాళ్లలో చాలామందికి సాధ్యం.

అసలు ఆ పరీక్షను తయారుచేసిన మనిషి ఉద్దేశమూ వేరు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, తియోడోర్ సిమోన్ కలిసి దాన్ని రాసింది, మామూలు తరగతిలో అందుకోలేకపోతున్న పిల్లలెవరో గుర్తించి వాళ్లకు సరైన బోధన ఇవ్వడానికి. తెలివి పుట్టుకతో వచ్చిన కొలత, దాన్ని పెంచలేం అని తీర్పు చెప్పేవాళ్లను బినే 1909లో గట్టిగా ఖండించాడు. ఇంకో రెండేళ్లకే కన్నుమూశాడు. ఆ పరీక్ష తరువాతి రోజుల్లో పిల్లలను బడి బయటికి నెట్టడానికి కూడా పనికివచ్చిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

బినే కన్నా వందేళ్లు వెనక్కి వెళదాం. ప్రత్యేక విద్య అనే మాటే లేని కాలం. 1800లో ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతంలో, అడవుల్లో ఒంటరిగా తిరుగుతున్న పన్నెండేళ్ల ప్రాయపు అబ్బాయి దొరికాడు. మాట లేదు. పేరున్న వైద్యుడు పినెల్ చూసి, వీడికి పుట్టుకతోనే బుద్ధి లోపం, బాగుచేయడం కుదరదు అన్నాడు. పారిస్ బధిరుల పాఠశాలలో పనిచేస్తున్న ఇటార్ అనే యువ వైద్యుడు ఒప్పుకోలేదు. విక్టర్ అని పేరు పెట్టి అయిదేళ్ల దాకా చదువు చెప్పాడు. గెరాన్ అనే ఆవిడ తల్లిలా చూసుకుంది. ఆ పిల్లవాడికి వైకల్యం ఉందా, మనుషుల మధ్య పెరగకపోవడం వల్ల అలా అయ్యాడా అన్నది ఈనాటికీ తేలని వాదం. నాకు ఆ వాదం కన్నా ఇటార్ రాసిపెట్టిన రెండు చిన్న సంగతులు ముఖ్యం.

మొదటిది పాల సంగతి. విక్టర్‌కు పాలంటే ఇష్టం. పాలు అనే మాట పలికితేనే పాలు ఇవ్వాలని ఇటార్ పట్టుపట్టాడు. పిల్లవాడు పలకలేదు. చివరికి ఓడిపోయి గిన్నెలో పోసిచ్చాడు. అప్పుడు పలికాడు, ఎదురుగా పాలు చూసుకుని, సంతోషంతో. అడగడానికి వాడలేదు కాబట్టి ఇది మాట కిందికి రాదని ఇటార్ నిరాశపడ్డాడు. ఇక్కడ నేను ఇటార్‌తో విభేదిస్తాను. దొరికిన సంతోషాన్ని చెప్పుకోవడం కూడా మాటే. మన పిల్లలు చాలామంది అడగడానికి కాకుండా పంచుకోవడానికే మొదట పలుకుతారు. దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. తరువాత ఫ్రెంచిలో పాలు అనే మాటకు (lait) కావలసిన నాలుగు అక్షరాలను లోహపు ముక్కలతో పేర్చడం నేర్పారు. కొన్నాళ్లకు, రోజూ పాలు ఇచ్చే ఒక ఇంటికి బయలుదేరబోతూ విక్టర్ ఆ నాలుగు ముక్కలను తనంతట తాను జేబులో వేసుకున్నాడు. అక్కడికి వెళ్లగానే బల్ల మీద పేర్చాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గుర్తు చేయలేదు. ఆ రోజు విక్టర్ మోచేతి మీద ఎవరి వేలూ లేదు.

రెండోది భోజనాల బల్ల సంగతి. పళ్లేలు సర్దడం విక్టర్ పని. గెరాన్ భర్త చనిపోయాడు. ఆ రోజు కూడా అలవాటు చొప్పున ఆయన చోట పళ్లెం పెట్టాడు. ఆవిడ ఏడ్చింది. విక్టర్ ఆవిడను చూశాడు, పళ్లెం తీసి మెల్లగా అల్మారాలో పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ చోట పెట్టలేదు. అనుకున్నంత మాట రాలేదని ఇటార్ చివరికి తన ప్రయత్నం ఆపేశాడు. ఈ పళ్లెం సంగతి రాసింది మాత్రం ఆయనే. మన పిల్లలకు ఇతరుల దుఃఖం అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఈ సంగతి చెబుతాను.

ఇటార్ శిష్యుడు సెగ్యాఁ. ఇంద్రియాలకు, చేతులకు పని కల్పిస్తూ మెట్టు మెట్టుగా నేర్పే పద్ధతిని ఆయన తీర్చిదిద్ది 1846లో పుస్తకంగా వేశాడు. ఆ ఇద్దరి రాతలను ఇటలీలో ఒక యువ వైద్యురాలు తన చేత్తో తిరగరాసుకుంటూ చదివింది. ఆమె మరియా మాంటెస్సోరి. మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసి నేర్చుకున్నదాన్ని 1907లో రోములో మామూలు పిల్లల కోసం తెరిచిన బడికి తీసుకువెళ్లింది. ఈనాడు ప్రపంచమంతా పసిపిల్లలు ఆడుకుంటూ నేర్చుకునే మాంటెస్సోరి పద్ధతి ఈ పిల్లల దగ్గర పుట్టింది. తలవంచుకుని సభలకు వచ్చే తల్లిదండ్రులు ఇది గుర్తు పెట్టుకోవాలి.

మళ్లీ మన వేలి దగ్గరికి వస్తాను. 1934లో చిన్న వయసులోనే చనిపోయిన రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ, వైకల్యం ఉన్న పిల్లల చదువు గురించి చాలా పనిచేశాడు. బిడ్డ ఒంటరిగా చేయగలిగేదానికీ, ఇంకొకరి సాయంతో చేయగలిగేదానికీ మధ్య కొంత చోటు ఉంటుంది, నేర్చుకోవడం జరిగేది ఆ చోటులోనే అన్నాడు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు దాదాపు ఇలాంటి సాయానికే పరంజా అని పేరు పెట్టారు. ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ కట్టే పరంజా. మంచి పోలిక. పరంజా లేకుండా గోడ పైకి లేవదు. గోడ లేచాక దాన్ని విప్పకపోతే ఇంట్లోకి వెలుతురు రాదు.

అయితే ఒక తేడా తెలుసుకోవాలి, లేకపోతే నా మాటలు హాని చేస్తాయి. తీసేయవలసిన సాయం వేరు, ఎప్పటికీ ఉండవలసిన సాయం వేరు. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ణి పట్టుకుని, ఎన్నాళ్లు వాడతావు, ఇక తీసేయి అని ఎవరూ అనరు. రోజులో ఏ పని తరువాత ఏ పనో చూపించే బొమ్మల పట్టీ కూడా అలాంటిదే. మాట రాని బిడ్డ చేతిలోని బొమ్మల పుస్తకం, మాట పలికే టాబ్లెట్ కూడా అలాంటివే. అవి బిడ్డ చేతిలో ఉంటాయి, బిడ్డే వాడుకుంటాడు. నేను తీయమంటున్నది మన చేతిలో ఉన్న సాయాన్ని. మనం గుర్తు చేస్తేనే, మనం తాకితేనే, మనం కళ్లతో సైగ చేస్తేనే నడిచేదాన్ని. బొమ్మలతో, సైగలతో మాట్లాడనిస్తే ఇక నోటి మాట రాదేమోనని తల్లిదండ్రులు భయపడతారు. ఇన్నేళ్ల పరిశోధనలో ఆ భయానికి ఆధారం దొరకలేదు. మాట వచ్చే బిడ్డకు అవి అడ్డం రావు, కొందరికి తోడ్పడతాయి కూడా. మాట వచ్చే దాకా బొమ్మల పుస్తకం ఇవ్వకుండా ఆపడమంటే, ఆ బిడ్డకు ఆకలి, నొప్పి, కోపం చెప్పుకునే దారి మూసేయడమే.

చేయి తీయడం కన్నా నోరు ఆపుకోవడం ఇంకా కష్టం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో రికార్డు చేసి చూసింది. టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెరిగాయి, పొడవయ్యాయి. అవి మామూలు పిల్లల సంగతి. మన పిల్లలకు మాట లోపలికి వెళ్లి, అర్థమై, జవాబై, నాలుక దాకా రావడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. నీ పేరేమిటి అని అడుగుతాం. రెండు సెకన్లు ఆగి, చెప్పమ్మా అంటాం. ఆ చెప్పమ్మా అన్న మాట కొత్త మాట. లోపల సగం దారిలో ఉన్న జవాబు ఆగిపోయి, దీన్ని అర్థం చేసుకునే పని మొదలవుతుంది. ఇంకో రెండు సెకన్లకు మనమే పేరు చెప్పేస్తాం. నేను అడిగి మనసులో పది దాకా లెక్కపెడతాను. ఆ పది సెకన్లు ఎంత పొడవో చూడండి. ఇప్పుడు ఒక్కసారి అందరమూ ఏమీ మాట్లాడకుండా కూర్చుందాం.

(సభలో నిశ్శబ్దం)

చూశారా, ఆరో సెకనుకే వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆ ఆరో సెకను నుంచి పదో సెకను దాకా ఉన్న ఖాళీలో జవాబు చెప్పిన పిల్లలను నేను ఎంతమందినో చూశాను.

ఇక మొండితనం అని పిలుస్తున్న దాని గురించి. ఈ మాట వాడే ముందు చెవి, కన్ను, పన్ను, గొంతు, కడుపు చూపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం చాలా ఎక్కువ. థైరాయిడ్ సమస్య కూడా. పిలిస్తే పలకడు అని చెప్పే బిడ్డకు చాలాసార్లు వినిపించడం లేదు. మా దగ్గర మాటలు రాని అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఉన్నట్టుండి తన చెంప మీద తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈ పిల్లలు ఇంతేనండి, చేతులకు గుడ్డ చుట్టండి అని ఇంటికి సలహాలు వచ్చాయి. ఎప్పుడూ కుడి చెంపే. భోజనం తరువాత ఎక్కువ. దంతవైద్యుని దగ్గరికి తీసుకువెళితే దవడ పన్ను లోపలి దాకా పుచ్చి ఉంది. పన్ను తీశాక కొట్టుకోవడం ఆగిపోయింది. ఆ బిడ్డ చెంప మీద కొట్టుకుంటూ పదకొండు రోజులు మాకు చెబుతూనే ఉన్నాడు. మేం వైకల్యాన్ని చూశాం గాని బిడ్డను చూడలేదు. ప్రతి ప్రవర్తన వెనకా ఇలా ఒక పన్ను ఉంటుందని నేను అనను. కాని పని కష్టంగా ఉందని, చాలిక అని, నన్ను చూడమని, ఇక్కడ చప్పుడు ఎక్కువని చెప్పే దారి లేనప్పుడు శరీరమే మాట్లాడుతుంది. కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు 1985లో ఈ దారినే చూపించారు. సాయం చేయండి అని అడగడం నేర్పితే, కష్టమైన పని ఇచ్చినప్పుడు వచ్చే విసుర్లు తగ్గాయి.

ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతట అది రాదు. బడిలో నీలం గ్లాసుతో నీళ్లు తాగే బిడ్డ ఇంట్లో స్టీలు గ్లాసు ముట్టడు. అందుకే ఇంట్లో, బడిలో, ఇద్దరు ముగ్గురు మనుషులతో, రెండు మూడు రకాల వస్తువులతో నేర్పాలి. పెద్దగా చెప్పడానికేమీ లేదు, చేయడమే.

బడి గురించి తప్పక అడుగుతారు. మామూలు బడిలో వేయాలా, ప్రత్యేక పాఠశాలలో వేయాలా అని. చట్టాలు వచ్చిన దారి తెలిసిందే. 1975లో అమెరికా తెచ్చిన చట్టం ప్రతి బిడ్డకూ రాతపూర్వకంగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలంది. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు అందరినీ కలుపుకునే బడి కావాలని ప్రకటించాయి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం దాన్ని హక్కుగా రాసింది. నా మనసు కలిసి చదువుకోవడం వైపే ఉంది. కాని ఒక హెచ్చరిక. మామూలు తరగతిలో కూర్చోబెట్టి, పక్కన రోజంతా ఒక సహాయకురాలిని పెట్టి, కలిపేశాం అనుకోవద్దు. 1997లో జియాన్‌గ్రెకో, ఆయన సహచరులు అలాంటి తరగతులను దగ్గరగా చూసి రాశారు. సహాయకులు అంటిపెట్టుకుని ఉన్నచోట తోటి పిల్లలు ఆ బిడ్డ దగ్గరికి రావడం తగ్గింది, తరగతి టీచరు ఆ బిడ్డ తన బాధ్యత కాదన్నట్టు తప్పుకుంది, బిడ్డ పెద్దవాళ్ల మీదే ఆధారపడిపోయాడు. ఇక్కడ మోచేతి మీద వేలు కాదు, ఒక మనిషే ఉంది. సహాయకురాలు వద్దనడం లేదు నేను. ఆవిడ ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేచి ఇంకో బల్ల దగ్గరికి వెళ్లాలో ఆ బిడ్డ ప్రణాళికలో రాసి ఉండాలి. ఏ ప్రణాళికలోనైనా సాయం తగ్గించే తేదీ లేకపోతే నేను సంతకం చేయను.

ఇప్పుడు చెప్పేది వినడానికి కష్టంగా ఉంటుంది, అయినా వినాలి. చెప్పినట్టు వినే బిడ్డను మంచి బిడ్డ అంటాం. చేతులు చాచమంటే చాచాలి, నోరు తెరవమంటే తెరవాలి, ముద్దు పెట్టమంటే పెట్టాలి. ఎవరు వచ్చి బట్టలు విప్పినా ఎదురు చెప్పకుండా నిలబడడం మనమే నేర్పుతున్నాం. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, వైకల్యం ఉన్న పిల్లలు హింసకు గురయ్యే అవకాశం ఇతర పిల్లల కన్నా 3.7 రెట్లు ఎక్కువ. మానసిక, మేధో వైకల్యాలున్న పిల్లలపై లైంగిక హింస జరిగే అవకాశం 4.6 రెట్లు ఎక్కువ. అందుకే గుండీ నేర్పడం, స్నానం నేర్పడం అందం కోసం కాదు. తన శరీరాన్ని తాకవలసినవాళ్ల సంఖ్య తగ్గించడం కోసం. బిడ్డ నేర్చుకోవలసిన మొదటి మాటల్లో వద్దు అన్నది ఉండాలి. అది పనిచేస్తుందని కూడా తెలియాలి. ఈ చొక్కా వద్దంటే ఇంకో చొక్కా ఇవ్వండి. ఇప్పుడు ముద్దు పెట్టను అంటే సరే అనండి, అమ్మమ్మ చిన్నబుచ్చుకున్నా సరే.

వయసు పెరుగుతుంది. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో 25 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 60 దాకా వచ్చింది. ఇది గుండె శస్త్రచికిత్సల వల్ల, ఈ పిల్లలను సంస్థల్లో మూసిపెట్టకుండా ఇళ్లలో పెంచడం వల్ల దక్కిన వరం. దాని అర్థం ఈ గదిలోని చాలామంది పిల్లలు మన తరువాత కూడా చాలా కాలం ఉంటారు. నా తరువాత ఎవరు చూస్తారు అని ప్రతి సమావేశంలోనూ ఒక తల్లి అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తోబుట్టువులు, ట్రస్టులు, కలిసి ఉండే ఇళ్లు, చట్టపరమైన సంరక్షణ అన్నీ ఆలోచించండి, మీరు బలంగా ఉన్నప్పుడే ఆలోచించండి. దాంతోపాటు చూడవలసిన పనులనే తగ్గించుకుంటూ రండి. తొమ్మిదేళ్లప్పుడు తీయని చేయి ముప్పై తొమ్మిదేళ్లప్పుడు తీయడం ఎంత కష్టమో నేను చూశాను.

మీ భయం నాకు తెలుసు. వదిలితే పడతాడు, తప్పిపోతుంది, ఎవరో మోసం చేస్తారు. రాబర్ట్ పెర్‌స్కీ అనే ఆయన 1972లో దీని గురించే రాస్తూ, తగినంత సాహసం చేసే హక్కును మనిషి గౌరవంలో భాగంగా చెప్పాడు. పెద్దయిన ఒక అమ్మాయికి మేం బస్సు ప్రయాణం నేర్పాం. మొదట పక్క సీటులో కూర్చున్నాను. తరువాత వెనక సీటు. తరువాత ఒకే బస్సులో, తెలియనట్టు, చివరి వరుసలో. తరువాత ఆ అమ్మాయిని ఎక్కించి దిగే చోట ఇంకొకరు కాచుకోవడం. తరువాత దిగాక ఫోను చేయడం మాత్రమే. ఒకసారి దిగవలసిన చోటు దాటిపోయింది. కండక్టరుకు కార్డు చూపించింది, ఆయన తిరుగు బస్సు ఎక్కించాడు. నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వాళ్ల అమ్మ ఏడుస్తోంది. ఆ అమ్మాయి మాత్రం మెట్ల మీద నిలబడి, నేను కార్డు చూపించాను, నేను కార్డు చూపించాను అని అందరికీ చెబుతోంది. తప్పిపోతే ఏమి చేయాలో తెలిసేది ఒకసారి తప్పిపోయాకే. మేం ఆ కార్డు వాడడాన్ని ముప్పైసార్లు తరగతిలో ఆడించాం గనుక ఆ రోజు పని చేసింది. సాధన లేకుండా వదలడం ధైర్యం కాదు, అది వదిలించుకోవడం.

నా సమయం అయిపోవచ్చింది. మీ కుర్చీల మీద తెల్ల కాగితం, పెన్సిలు పెట్టించాను. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా మీ బిడ్డకు మీరు చేసే పనుల్లో ఒక్కటి రాయండి. పెద్దది వద్దు. చెప్పు తొడగడం, పళ్లపొడి తీసివ్వడం, నీళ్ల గ్లాసు నోటికి అందించడం, అలాంటిది. కింద దాన్ని మెట్లుగా విడదీయండి. మీ చేతులతో గాలిలో చేసి చూసుకుంటూ రాయండి, అప్పుడే మెట్లు దొరుకుతాయి. చివరి మెట్టు కింద గీత గీయండి. రేపు ఉదయం ఆ గీత గీసిన మెట్టు దగ్గర మీ చేయి ఎక్కడ ఉంటుందో పక్కన రాయండి. బిడ్డ చేతి మీదా, మోచేతి దగ్గరా, వెనకా, తలుపు దగ్గరా. పదిహేను నిమిషాలు తీసుకోండి. నేను వరుసల మధ్య తిరుగుతూ ఉంటాను, ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పిలవండి. రెండో వరుసలో, నీలం చీర అమ్మా, మీ పాప మీ పెన్సిలు తీసుకుంది. ఉండనివ్వండి, నా దగ్గర ఇంకొకటి ఉంది.